ఉప్పుగాలిలో కొత్త ట్రక్కు: మొదటి పదివేల కిలోమీటర్ల డైరీ

0 కి.మీ., జూన్ చివరి వారం

బండి ఇంటికి వచ్చింది. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, ఫోర్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. 1,898 సీసీ టర్బో డీజిల్ ఇంజిన్, 163 పీఎస్ పవరు, 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య 360 న్యూటన్ మీటర్ల టార్కు. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీలో తయారైన బండి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాన్నకు దీని మీద ప్రత్యేకమైన అభిమానం.

మాకు పద్మనాభం దగ్గర చిన్న జీడితోట ఉంది. ఇన్నాళ్లూ గత్తం (పశువుల ఎరువు) బస్తాలకు, పైపులకు, మోటారు రిపేరుకు ప్రతిసారీ ఆటో ట్రాలీ మాట్లాడుకునేవాళ్లం. వారానికోసారి తోట పని, మిగతా రోజుల్లో విశాఖలోని సాగర్‌నగర్ నుంచి ఎంవీపీ కాలనీలో ఉన్న నా ఆఫీసుకి వెళ్లిరావడం. బండికి ఉన్న పని ఇదే. ఇల్లు సముద్రానికి దగ్గర. రాత్రి కిటికీ తెరిచి పడుకుంటే పొద్దున అద్దం మీద వేలితో రాయొచ్చు, అంత ఉప్పు చేరుతుంది. పాత బండి సైలెన్సర్ నాలుగేళ్లకే చిల్లులు పడింది. అందుకే ఈసారి మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోవాలని ఈ డైరీ.

మొదటి రాత్రి టార్చిలైటు పట్టుకుని బండి కిందకి దూరాను. చాసీ పట్టీలు, కమాన్లు, డీజిల్ ట్యాంకు పట్టీలు, బ్రేకు పైపులు, వెల్డింగ్ అతుకులు, నీళ్లు బయటికి పోయే రంధ్రాలు, అన్నీ ఫోన్లో ఫొటోలు తీశాను. కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉందో ఫొటో ఉంటే, రేపు ఏది మారిందో తెలుస్తుందని నా ఆలోచన. కొత్త బండి కొన్న ప్రతి ఒక్కరూ ఈ పని చేయాలని ఇప్పుడు గట్టిగా అంటున్నాను. ఎందుకో అక్టోబరు పేజీల్లో ఉంది.

640 కి.మీ., జూలై మొదటి వారం

రన్నింగ్-ఇన్, అంటే కొత్త ఇంజిన్‌ని మెల్లగా అలవాటు చేసే దశ, నడుస్తోంది. ఒకే స్పీడులో ఎక్కువసేపు పోనివ్వడం లేదు, ఇంజిన్ వేడెక్కకముందే గట్టిగా తొక్కడం లేదు. రెండు వేల ఆర్‌పీఎం దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ముందుకు వెళ్తుంది. టర్బో అంటే ఇదన్నమాట అని మొదటిసారి ఒంటికి తెలిసింది.

మా నాన్న స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. టర్బో ఎలా పనిచేస్తుందని అడిగారు. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీద రెండో వైపున్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ దాన్ని చల్లారుస్తుంది, చల్లని గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ఎక్కువ డీజిల్ శుభ్రంగా మండుతుంది అని చెప్పాను. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుందని, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర మాత్రమేనని చెప్పేసరికి ఆయన కాసేపు ఏమీ అనలేదు.

"మరి ఎర్రగా కాలి ఉన్నప్పుడు ఇంజిన్ ఆపేస్తే ఆ ఆయిల్ ఏమవుద్దిరా?" అని అడిగారు.

"అక్కడే నిలబడి మాడిపోతుంది నాన్నా."

"అయితే కోకే. గాలి తగలకుండా బొగ్గు కాలిస్తే మా దగ్గర అయ్యేది అదే కదా."

మెకానిక్‌లు కూడా దాన్ని కోకింగ్ అనే అంటారు. మాడిన ఆయిల్ గట్టి నల్లటి పొరలా అంటుకుని ఆయిల్ దారిని ఇరుకు చేస్తుంది. ఇప్పటి టర్బోల్లో చాలావాటికి కూలెంట్ కూడా తిరుగుతుంది కాబట్టి ఊళ్లో నెమ్మదిగా నడిపి వచ్చాక ఆగాల్సిన పనేమీ లేదు. కానీ ఘాట్ ఎక్కాకా, హైవే మీద గట్టిగా లాగించాకా నిమిషం పాటు ఐడిల్‌లో (బండి నిలబడి ఉండగా ఇంజిన్ ఊరికే నడిచేలా) వదిలి ఆపుతున్నాను. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కూడా అంతే, అర నిమిషం ఆగి నెమ్మదిగా కదలడం. సందు చివర స్పీడ్ బ్రేకర్ దాకా ఎలాగూ తొక్కలేం, ఇంజిన్ వేడెక్కడానికి అదే మంచిది.

1,150 కి.మీ., జూలై మూడో వారం

బండి కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించాను. అంతకుముందు ఆదివారం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. చేపలకని వెళ్లినా, కళ్లన్నీ బోట్ల మీదే. ఉప్పులో ముప్ఫై ఏళ్లుగా ఇనుముతో బతుకుతున్నవాళ్లకంటే తుప్పు గురించి ఎవరికి తెలుస్తుంది? ఒక ముసలి సరంగుని, అంటే బోటు నడిపే ఆయన్ని, పలకరించాను. బోటు అడుగున చుక్కాని దగ్గర బిగించిన జింకు దిమ్మ చూపించాడు. ఇనుము బదులు అది కరిగిపోతుంది, అరిగాక మారుస్తారు.

"ఇలాంటిది నా బండికి పెట్టుకోవచ్చా తాతా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లలో మునిగి ఉంటేనే బాబూ అది పనిచేసేది. రోడ్డు మీద బండికి ఏటి లాభం? నీ బండికి మంచినీళ్లు, గ్రీజు. అంతే."

అతను చెప్పింది నిజం. జింకు దిమ్మ పనిచేయాలంటే దానికీ ఇనుముకీ మధ్య విద్యుత్తు పారే ఉప్పునీరు ఎడతెగకుండా ఉండాలి. కార్లకు బ్యాటరీ మీద తగిలిస్తే తుప్పు పట్టదని అమ్మే ఎలక్ట్రానిక్ పెట్టెలదీ అదే ఇబ్బంది. వాటి జోలికి వెళ్లలేదు.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా రాసుకోవాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని తడిగా మారుతుంది. విశాఖలో ఆ మాత్రం తేమ లేని రాత్రులు తక్కువ. అంటే వాన పడకపోయినా, బండి కదలకపోయినా, చాసీ మీద చేరిన ఉప్పు ప్రతి రాత్రీ తడుస్తూనే ఉంటుంది. కాబట్టి కోటింగ్ కంటే ముందు కడగడం ముఖ్యం, అదీ మంచినీళ్లతో. ఇక్కడ చాలామంది చూడనిది ఒకటుంది. సముద్రం పక్క అపార్టుమెంట్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే మా బోరు నీళ్లు 1,400 చూపించాయి, మున్సిపల్ కుళాయి నీళ్లు 200 లోపే. బోరు నీళ్లతో బండి కడిగితే ఉప్పు తీసి ఉప్పు పూసినట్టే. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు ఇంకా ఘోరం, అందులో ఉన్నదంతా ఉప్పే. ఇప్పుడు రెండు డ్రమ్ములు పెట్టి కుళాయి నీళ్లు, వాన నీళ్లు పట్టి పెడుతున్నాను. పదిహేను రోజులకోసారి కింద నుంచి కడుగుడు.

కోటింగ్ ఊళ్లోనే ఒక షాపులో వేయించాను. నల్లటి రబ్బరు లాంటి మందు, ర్యాంపు మీద పెట్టి స్ప్రే చేశారు. మెరుస్తూ చాలా బాగా కనిపించింది. కొట్టేటప్పుడు నేను దగ్గర లేను, ఆఫీసులో ఉన్నాను.

1,900 కి.మీ., ఆగస్టు

ఈ నెల చేయించినవాటికంటే వద్దనుకున్నవే ఎక్కువ.

బావ వచ్చి బండి చూసి, ముందు ఒక గట్టి బుల్ బార్ ఉంటే తప్ప ట్రక్కులా కనిపించదన్నాడు. యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్లాడు కూడా. షాపులో కుర్రాడు అప్పుడే కొలతలు తీయడం మొదలెట్టాడు. నేను వద్దన్నాను. ఎదురుగా గుద్దుకున్నప్పుడు దెబ్బ ఎంత గట్టిదో ముందువైపు సెన్సర్లు కొలిచి, ఎయిర్‌బ్యాగ్ తెరవాలో వద్దో తేల్చేది సెకనులో అతి చిన్న వంతులో. బంపరు ముందు ఇనుప కడ్డీ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. పైగా రోడ్డు దాటే మనిషికి తగిలితే ఆ కడ్డీ ప్రాణం తీస్తుంది. వీటిని తీయించి చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బావ కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ, దారిలో ఎయిర్‌బ్యాగ్ సంగతి మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. తన కారుకున్న గార్డు పోయిన వారం తీయించేశాడని అక్క చెప్పింది. నాకు చాలా సంతోషమైంది.

రెండోది ట్యూనింగ్ బాక్స్. డీజిల్ ప్రెషర్ సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తగిలిస్తారు, ప్రెషర్ తక్కువగా ఉందని కంప్యూటర్‌ని నమ్మించి ఎక్కువ డీజిల్ పోయిస్తుంది. ముప్ఫై పీఎస్ పెరుగుతుందని షాపులో చెప్పారు. పెరుగుతుంది, ఆ మాట అబద్ధం కాదు. దాంతోపాటు పొగ వేడీ పెరుగుతుంది, మసీ పెరుగుతుంది, టర్బో చక్రం మీద, క్లచ్ మీద భారం పెరుగుతుంది, వారంటీ పోతుంది. నాలుగు గత్తం బస్తాలకు 360 న్యూటన్ మీటర్లు చాలవా?

చట్టం సంగతి కూడా చదివాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకని నా ప్రాజెక్టుకి నేను పెట్టుకున్న హద్దు ఇది: బోల్టు విప్పితే మళ్లీ షోరూం నుంచి వచ్చినట్టు అవ్వాలి. కోత, వెల్డింగ్, ఇంజిన్ కంప్యూటర్ ఈ మూడూ ముట్టుకోను.

టైర్లూ అలాగే. బండికి వచ్చిన 255/60 ఆర్18 సైజు బదులు 265/60 వేస్తే కాస్త ఎత్తుగా, నిండుగా కనిపిస్తుంది. లెక్క వేస్తే టైరు ఎత్తు 763 మిల్లీమీటర్ల నుంచి 775కి పెరుగుతుంది, స్పీడోమీటర్ ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. పెద్ద తేడా ఏమీ కాదు, అయినా ఉన్నవి కొత్త టైర్లు. అరిగాక అదే సైజులో ఆల్ టెరైన్ రకం వేస్తాను.

2,700 కి.మీ., సెప్టెంబరు

వెనక తొట్టి పని. ప్లాస్టిక్ లైనర్ వేసుకోమని అందరూ చెప్పారు. వేసిన ఒకాయన బండి చూద్దామని అడిగి, లైనర్ ఒక మూల ఎత్తించాను. కింద తడి ఇసుక, దాని చుట్టూ రంగు అరిగిన గుర్తులు. బండి కదిలినప్పుడల్లా ఆ ఇసుక గరుకు కాగితంలా రుద్దుతోంది. మన తీరానికి అది పనికిరాదు. నేను ఎత్తి కడుక్కోవడానికి వీలైన రబ్బరు మ్యాట్ పరిచాను. తోట నుంచి వచ్చిన ప్రతిసారీ తీసి దులుపుతాను.

వెనక డోరుకి గ్యాస్ డ్యాంపర్ పెట్టాను. బరువైన డోరు ఇప్పుడు ధన్‌మని పడకుండా మెల్లగా కిందకి దిగుతుంది. నాన్న ఒంటి చేత్తో తెరుస్తున్నారు. ఇప్పటిదాకా పెట్టిన ఖర్చులో అన్నిటికంటే చిన్నది ఇదే, ఇంట్లో అందరికీ నచ్చిందీ ఇదే.

సాయంత్రం తోటలో బస్తాలు ఎక్కించేటప్పుడు వెలుతురు కోసం తొట్టి లోపలికి చూసేలా రెండు చిన్న ఎల్ఈడీ దీపాలు బిగించాను. ఒక్కోటి 18 వాట్లు, రెండూ కలిపి 36. పన్నెండు వోల్టులకు మూడు ఆంపియర్లు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు, అదీ బ్యాటరీకి జానెడు దూరంలోనే. ఫ్యూజు దీపం దగ్గర పెడితే, మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. కంపెనీ వైరింగ్ ఎక్కడా కోయలేదు. ప్రతి జాయింటుకీ హీట్ ష్రింక్ తొడిగి, కనెక్టర్లలో గ్రీజు పెట్టాను. బ్రాకెట్లు అల్యూమినియం, బోల్టులు స్టెయిన్‌లెస్, బండి ఉక్కు. మూడు లోహాలూ ఉప్పు తడిలో ఒకదాన్నొకటి తింటాయి. అందుకని బ్రాకెట్ కింద రబ్బరు ముక్క, బోల్టు కింద నైలాన్ వాషరు. ఈ దీపాలు బండి నిలబడి ఉన్నప్పుడే వేస్తాను, రోడ్డు మీద వెనకొచ్చేవాళ్ల కళ్లలో పడకూడదు.

4,300 కి.మీ., అక్టోబరు చివర

ఈ పేజీ రాయడానికి మనసు రావడం లేదు గానీ, ఈ డైరీలో అందరూ చదవాల్సింది ఇదే.

తుఫాను వానలు నాలుగు రోజులు వదల్లేదు. తెరిపిచ్చిన రోజు హనుమంతవాక వాలులో దిగుతూ సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. కాళ్ల కింద ఎక్కడో గళగళమని నీళ్లు కదిలిన చప్పుడు. మొదట సీటు కింద నీళ్ల సీసా అనుకున్నాను. సీసా నిండుగా ఉంది. ఇంకోసారి కావాలనే బ్రేకు వేశాను. మళ్లీ అదే చప్పుడు, ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి.

ఇంటికొచ్చి చాప పరుచుకుని కిందకి దూరాను. ఫోన్లో మొదటి రాత్రి తీసిన ఫొటో, పక్కన ఇప్పటి చాసీ. ఫొటోలో పట్టీ అడుగున రంధ్రం ఉంది. ఇప్పుడు అక్కడ నున్నటి నల్లటి రబ్బరు. వేలు పెట్టి నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. కోటింగ్ కొట్టినప్పుడు రంధ్రాలకు బిరడాలు పెట్టకుండా నేరుగా వాటి మీదే స్ప్రే చేసేశారు. చాసీ పట్టీలు లోపల గుల్ల. పైనుంచి నీళ్లు చేరడానికి దారులున్నాయి, కింద పోవడానికి లేదు. మూడు నెలలుగా ఉప్పు కలిసిన నీళ్లు పట్టీలో నిలబడి ఉన్నాయి.

పాత సైకిల్ చువ్వ ఒకటి తీసుకుని, కొసని సానరాయి మీద మొద్దుగా అరగదీసి, ఆ మెత్తటి చోట గుచ్చాను. టప్పుమని రబ్బరు తెగింది. వెంటనే సన్నటి ధార, చేయి పొడవునా మోచేతి దాకా కారింది. కాఫీ డికాషన్ రంగు. నాలుక కొసకి తాకించి చూశాను, ఉప్పగా ఉంది. ఆ రంగు చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు సెలవు పెట్టి మిగతా రంధ్రాలన్నీ ఫొటోలతో పోల్చుకుంటూ తెరిచాను. కొన్నింట్లో నీళ్లు లేవు, రెండింట్లో తడి ఇసుక ముద్ద వచ్చింది. డోర్ల అడుగునా చూశాను, అక్కడ బాగానే ఉంది. సన్నటి పైపు లోపలికి పెట్టి, డ్రమ్ములో ఉన్న వాననీళ్లతో కిందికి తేట నీళ్లు వచ్చేదాకా కడిగాను. రెండు రోజులు ఎండలో పెట్టి, బ్లోయర్‌తో వేడి గాలి కొట్టి ఆరబెట్టాను. తర్వాత చాసీ లోపలికి కొట్టే మైనం మందు తెప్పించాను. దాని నాజిల్ పొడవైన గొట్టం చివర ఉంటుంది, చుట్టూ అన్ని వైపులా చిమ్ముతుంది. గొట్టం పూర్తిగా లోపలికి తోసి, నొక్కి పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగాలి. ప్రతి రంధ్రం నుంచీ మైనం బొట్టు కిందికి జారేదాకా కొట్టాను. చివరికి ప్రతి రంధ్రంలోనూ చువ్వ మరోసారి దూర్చి చూశాను, మైనం కూడా అడ్డుపడకూడదు కదా.

షాపువాళ్లకి చూపించాను. తప్పు ఒప్పుకుని డబ్బులో కొంత తిరిగిచ్చారు. ఇకమీదట బిరడాలు పెట్టే కొడతామన్నారు. నేను దగ్గర నిలబడి ఉంటే ఇది జరిగేది కాదు. కోటింగ్ వేయించేవాళ్లకి నేను చెప్పేదొకటే: ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టండి. రంధ్రాలు, బ్రేకు డిస్కులు, సెన్సర్లు, సైలెన్సర్ గొట్టం వేటికీ మందు తగలకుండా కాగితాలు, బిరడాలు పెట్టాకే స్ప్రే గన్ పట్టుకోనివ్వండి.

ఆ సైకిల్ చువ్వ ఇప్పుడు టూల్ బాక్సులోనే ఉంటుంది. నెలకోసారి ప్రతి రంధ్రంలో దూర్చి చూస్తాను.

5,000 కి.మీ., నవంబరు

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. కంపెనీ షెడ్యూల్ ప్రకారం ఇంకా టైముంది, కానీ కొత్త ఇంజిన్‌లో మొదట్లో రాలే సన్నటి లోహపు పొడి తొందరగా బయటికి పోతే మంచిదని నా నమ్మకం. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించాను. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండికి బూడిద తక్కువ వదిలే ఆయిలే వాడాలి. ఆయిల్‌లో పోయిన బూడిద ఆ ఫిల్టర్‌లో చేరితే మసిలా కాలిపోదు, అక్కడే పేరుకుంటుంది.

డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే మర కొంచెం విప్పి, గాజు సీసాలోకి పట్టాను. పావుగంట కదపకుండా ఉంచితే అడుగున శనగగింజంత నీటి బొట్టు, పైన పచ్చటి డీజిల్. వానాకాలం కదా. ఆ బొట్టు ఇంజెక్టర్ దాకా వెళ్తే అయ్యే ఖర్చు తలుచుకుంటే ఈ పావుగంట ఎంత? రద్దీగా ఉండే బంకులోనే డీజిల్ కొట్టిస్తున్నాను.

6,100 కి.మీ., డిసెంబరు

నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. మూడు వారాలు తోటకి వెళ్లలేదు. బండి ఇంటికీ ఆఫీసుకీ మధ్యే, ఒక్కో వైపు ఆరేడు కిలోమీటర్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేయడం. ఒక సాయంత్రం ఇంటి ముందు ఆపబోతుంటే ఐడిల్ మామూలుకంటే ఎక్కువగా ఉంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది, కాలిన వాసన. ఆపేశాను. రెండు రోజులకు డీపీఎఫ్ దీపం వెలిగింది.

మొదట టెన్షన్ పడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే కారణం తెలిసింది. బీఎస్-6 కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ బండ్లలో పొగ డీపీఎఫ్ అనే తేనెపట్టు లాంటి ఫిల్టర్ గుండా పోతుంది, మసి అందులో ఆగుతుంది. అది నిండే సమయానికి ఇంజిన్ కొంచెం అదనంగా డీజిల్ పంపి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఆ పని పూర్తవ్వాలంటే బండి ఆగకుండా నడవాలి. నేను ఆ సాయంత్రం సరిగ్గా మధ్యలో ఆపేశాను. అలా పదే పదే ఆపితే అదనంగా పంపిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ గేజ్ తీసి చూశాను. పోయించినప్పటి గీత కంటే కొంచెం పైకి వచ్చింది, వాసనలో డీజిల్ తెలుస్తోంది. ఆయిల్ తగ్గడం గురించి అందరం భయపడతాం, ఈ బండ్లలో పెరగడం కూడా చూసుకోవాలి.

ఆదివారం పొద్దున్నే ఆనందపురం వెళ్లి, అక్కడి నుంచి అనకాపల్లి దాకా ఆరు వరసల హైవే ఎక్కాను. సుమారు యాభై కిలోమీటర్లు, సిగ్నళ్లు లేవు. ఐదో గేరులో 80, 90 మధ్య, రెండు వేల ఆర్‌పీఎం తగ్గకుండా. సబ్బవరం దాటేసరికి దీపం ఆరిపోయింది. అప్పటి నుంచి పది రోజులకోసారి ఇలా ఒక చుట్టు, తోటకి వెళ్లే వారమైతే అక్కర్లేదు. ఊళ్లో రోజూ ఐదారు కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్లు టర్బో డీజిల్ కొనేముందు రెండుసార్లు ఆలోచించుకోవాలి. కొన్నాక ఫిల్టర్ పీకించేసే ఆలోచన మాత్రం చేయొద్దు. అది చట్టవిరుద్ధం, ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

7,400 కి.మీ., జనవరి

అరకు. నాన్న కళ్లజోడు కొత్తది, మంచు చూడాలన్నారు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక ఈ ఇంజిన్ అసలు సత్తా తెలిసింది. మూడో గేరు, రెండు వేలకి కొంచెం పైన, ఎక్కడా అరవకుండా లాగింది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాను. నాన్న వాచీ చూసుకుని మరీ "ఇప్పుడు ఆపు" అన్నారు.

దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాను. ముందున్న టూరిస్టు బండి చక్రాల నుంచి కాలిన బ్రేకుల వాసన అనంతగిరి కాఫీ తోటల దాకా వచ్చింది. ఖాళీ తొట్టితో మలుపుల్లో వెనక భాగం కొంచెం ఎగురుతుంది, కమాన్లు బరువు కోసం చేసినవి కాబట్టి. మ్యాట్ మీద రెండు ఇసుక బస్తాలు కట్టి వేస్తే నిలకడగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు భీమిలి రోడ్డులో కొంతమంది ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఇసుకలోకి దింపి ఆడుతున్నారు. నేను దింపను. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. చక్రం కింద ఏముందో మనకి తెలియదు.

8,800 కి.మీ., మార్చి

జీడిపిక్కలు రాలడం మొదలైంది. మొదటి బస్తాలకి వెళ్లాం. చెట్ల కింద ఎండాకులు చీలమండ దాకా ఉన్నాయి. నేను నీడ చూసి బండి ఆపబోతుంటే మీటర్‌లో మైలేజీ పడిపోయి, ఐడిల్ పెరిగి ఉంది. డిసెంబరులో నేర్చుకున్న గుర్తులే. ఫిల్టర్ కాలుతోంది. అంటే బండి అడుగున కొన్ని వందల డిగ్రీల వేడి గొట్టం, దాని కింద ఎండిన జీడాకు. జీడిలో నూనె ఉంటుంది, ఎలా మండుతుందో తోటలవాళ్లకి చెప్పక్కర్లేదు. వెంటనే వెనక్కి తీసి, మట్టి రోడ్డు మీద పావుగంట అటూ ఇటూ నడిపి, ఐడిల్ మామూలయ్యాక ఎర్రమట్టి మీదే ఆపాను.

ఆ మధ్యాహ్నం నాన్నా నేనూ గొర్రుతో ఆకులు లాగి, గేటు పక్కన రెండు బండ్లు పట్టేంత చోటు శుభ్రం చేశాం. చుట్టూ ఇటుకలు పేర్చాం. తోటలో ఇక ఏ బండి వచ్చినా అక్కడే. ఐదు కిలోల మంట ఆర్పే సిలిండర్ ఒకటి తొట్టిలో బిగించాను.

10,060 కి.మీ., మే

పదివేల సర్వీసు అయింది. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చారు. ఎయిర్ ఫిల్టర్ ఎర్రమట్టితో నిండిపోతే మార్పించాను. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. కమాన్ల యూ-బోల్టులు టార్క్ రెంచ్‌తో చూపించాను, ఒకటి పావు చుట్టు తిరిగింది. ఆయిల్ గేజ్ సరిగ్గా గీత మీద ఉంది.

ర్యాంపు మీద ఉండగా ఫోను తీసి జూన్ నాటి ఫొటోలు ఒక్కొక్కటిగా పోల్చాను. వెనక ఇరుసు వెల్డింగ్ అతుకు దగ్గర ఒకచోట గోరంత తుప్పు. తీగ బ్రష్‌తో రుద్ది, జింకు ప్రైమర్ పూసి, పైన రంగు వేశాను. నీళ్లు నిలిచిన ఆ ఎడమ పట్టీలోకి ఫోనుకి తగిలించే చిన్న కెమెరా దూర్చి చూశాను. మైనం పొర పసుపు రంగులో తడి లేకుండా ఉంది. ఒక మూల అతుకు పక్కన జానెడు మేర గోధుమరంగు మరక కనిపిస్తోంది. అక్టోబరు నీళ్లదే. పెరుగుతోందా లేదా అన్నది ఒక్క ఫొటోతో చెప్పలేను. తేదీ వేసి దాచాను, వానలు అయ్యాక మళ్లీ తీస్తాను.

వానలకు ముందు చేయాల్సింది మైనం రెండో పూత, కొత్త వైపర్లు. డ్రమ్ములు కడిగి బోర్లించాను. చువ్వ కొస కొంచెం వంగింది, కొత్తది చేయాలి.